నగర పాఠశాలల ఉపాధ్యాయులు: చదువు, ఎంపిక, సన్నద్ధత

తెలుగు రాష్ట్రాల్లో ఉపాధ్యాయ వృత్తిలోకి రావాలనుకునేవారికి నగరానికొక దారి, పల్లెకొక దారి అంటూ విడిగా లేవు. కొండ మీది గూడెంలో ఒకటో తరగతి చెప్పబోయే అమ్మాయిదీ, హైదరాబాద్ బోరబండలో ఒకటో తరగతి చెప్పబోయే అమ్మాయిదీ ఒకే కోర్సు, ఒకే తీరు అర్హత పరీక్ష టెట్, ఒకే తీరు నియామక పరీక్ష డీఎస్సీ. గిరిజన భాషల పిల్లల కోసం బహుభాషా విద్య పేరుతో కొంత ప్రయత్నమైనా జరిగింది. నగరపు బడికి ఆపాటి ప్రత్యేక శ్రద్ధ కూడా దక్కలేదు. పట్నంలో అన్నీ ఉంటాయి, అక్కడ పాఠం చెప్పడానికి వేరే నేర్చుకునేదేముంది అన్న తేలిక భావమే దీనికి మూలం కావచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల బడులకు ఉపాధ్యాయులు ఏ చదువుతో, ఏ దారిలో వస్తున్నారు, చేరేముందు ఎవరూ నేర్పని వేటిని చేరాక నేర్చుకుంటున్నారు అన్నవి ఈ వ్యాసంలో ప్రధానాంశాలు. ఈ విషయంలో ఇతర నగరాలు చేసిన ప్రయోగాల ప్రస్తావన కూడా ఉంది.

నగరంలోని బడులు

హైదరాబాద్ జిల్లాలో జిల్లా పరిషత్తు లేదు కాబట్టి అక్కడి సర్కారు బడులు నేరుగా రాష్ట్ర ప్రభుత్వానివి. నగరం పాకిపోయిన రంగారెడ్డి, మేడ్చల్ వైపు మాత్రం చుట్టూ పదంతస్తుల అపార్ట్‌మెంట్లు లేచినా బడి బోర్డు మీద మండల పరిషత్, జిల్లా పరిషత్ పేర్లే కనిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు వంటి చోట్ల కార్పొరేషన్ బడులున్నాయి. పురపాలక శాఖ కింద నడిచిన ఈ బడుల పర్యవేక్షణను 2022లో పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. ఇవి కాక ఎయిడెడ్ బడులు, మిషనరీ కాన్వెంట్లు, గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, వీధి చివర మూడంతస్తుల ఇంట్లో నడిచే బడ్జెట్ స్కూళ్లు, ఐఐటీ ఫౌండేషన్ అంటూ ఆరో తరగతి నుంచే పరుగులు పెట్టించే కార్పొరేట్ శాఖలు, ఏటా లక్షల్లో ఫీజు వసూలు చేసే ఇంటర్నేషనల్ స్కూళ్లు ఉన్నాయి.

నగర పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు బడుల్లోనే చదువుతున్నారు. నగర ఉపాధ్యాయుడు అనగానే ప్రభుత్వ టీచరునే తలచుకుంటే లెక్కలో సగానికి పైగా మనుషులు తప్పిపోతారు. బ్రిటిష్ విద్యా పరిశోధకుడు జేమ్స్ టూలీ 2000లో హైదరాబాద్ పాతబస్తీ గల్లీల్లో తిరిగి, పేద తల్లిదండ్రుల ఫీజులతోనే బతికే చిన్న బడులు ఎన్నో చూశాడు. 2009లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది బ్యూటిఫుల్ ట్రీ’ ఆ గల్లీల నుంచే మొదలవుతుంది. ఆయన తీర్మానాల మీద వాదోపవాదాలు నేటికీ ఆగలేదు. అయితే ఆ బడుల్లో పాఠం చెప్పేవారిలో చాలామందికి ఉపాధ్యాయ శిక్షణ లేదన్న సంగతిని ఆయన్ను సమర్థించేవారూ కాదనరు.

చదువులు, అర్హతలు

తెలుగునాట ఉపాధ్యాయ శిక్షణకు పాత చిరునామా మద్రాసు. అక్కడ 1856లో ఏర్పడిన ప్రభుత్వ నార్మల్ స్కూలే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. ఇవాళ దేశమంతటా శిక్షణ ప్రమాణాలు నిర్ణయించేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ. 1993 నాటి చట్టం ద్వారా దానికి అధికారాలు వచ్చాయి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచరుకు ఈ మండలి నిర్దేశించిన అర్హతలు ఉండాలి.

ప్రాథమిక తరగతులకు ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ల డీఈఎల్ఈడీ చదవాలి. జనం నోట ఇప్పటికీ అది డీఎడ్ లేదా టీటీసీ. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకొకటిగా వచ్చిన డైట్ కాలేజీల్లోనూ, ప్రైవేటు కాలేజీల్లోనూ డీసెట్ ర్యాంకుతో సీటిస్తారు. ఆపై తరగతులకు డిగ్రీ, ఎడ్‌సెట్, బీఈడీ. ఏడాదిలో అయిపోయే బీఈడీని 2014 నిబంధనలతో రెండేళ్లకు పెంచారు. శిక్షణ కాలేజీల తీరుపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక ఈ మార్పుకు నేపథ్యం. ప్రైవేటు శిక్షణ కాలేజీల నాణ్యత మీద ఆ కమిషన్ గట్టి విమర్శలే చేసింది. హాజరు కాగితం మీదే ఉండే కాలేజీల సంగతి తెలుగు విద్యార్థులకు కొత్త కాదు.

బీఈడీ చదివినవాళ్లు ప్రాథమిక తరగతులకూ అర్హులేనని 2018లో ఎన్‌సీటీఈ చెప్పింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది కుదరదంది. చిన్న పిల్లలకు చెప్పే పద్ధతి వేరు, దానికి తగిన శిక్షణ డీఎడ్‌లోనే ఉంది అన్నది ఆ తీర్పు సారం. దాంతో ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్‌జీటీ పోస్టుల కోసం ఏళ్ల తరబడి చదువుతున్న బీఈడీ అభ్యర్థులు ఒక్కసారిగా పక్కకు తప్పుకోవలసి వచ్చింది. డీఎడ్‌కు తగ్గిన గిరాకీ మళ్లీ పెరిగింది.

ఇంటర్ కాగానే డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో ముగించే ఐటీఈపీ కోర్సు 2023-24లో దేశంలో కొన్ని సంస్థల్లో మొదలైంది. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, వరంగల్ ఎన్ఐటీ వాటిలో ఉన్నాయి. ఇంజనీరింగ్ సీట్ల కోసం పోటీపడే ప్రాంగణంలో టీచర్ కోర్సు కూడా ఉండడం మన వైపు కొత్త సంగతే. 2020 జాతీయ విద్యా విధానం 2030 నాటికి ఈ నాలుగేళ్ల చదువునే ప్రధాన అర్హతగా మార్చాలంటోంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించేవారి శిక్షణ వేరు. దానికి గుర్తింపునిచ్చేది పునరావాస మండలి. ఈ రంగంలో సికింద్రాబాద్ పేరు ముందు నుంచీ ఉంది. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి అక్కడి మనోవికాస్ నగర్‌లో నడుస్తోంది. వైద్యం కోసం, థెరపీ కోసం కుటుంబాలు నగరానికి తరలివస్తాయి కాబట్టి ఇలాంటి పిల్లలు నగర బడుల్లో ఎక్కువగా తటస్థపడతారు. మామూలు బీఈడీలో దీనికి దక్కేది ఒక పేపరు.

టెట్, డీఎస్సీ, కోచింగ్

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి టెట్ 2011 జులైలో జరిగింది. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే ఉత్తీర్ణత. శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ఒక్కోదానికి 30 మార్కులు మొదటి పేపరులో ఉంటాయి. ఒకప్పుడు ఏడేళ్లే చెల్లిన టెట్ ధ్రువపత్రం 2021 నుంచి జీవితకాలం చెల్లుతోంది. డీఎస్సీ ఎంపికలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉండడంతో ఉత్తీర్ణులైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ మళ్లీ రాస్తారు.

అసలు పోరు డీఎస్సీది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే వాటిలో 6,508 ఎస్‌జీటీలు, 2,629 స్కూల్ అసిస్టెంట్లు. ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు పోటీపడ్డారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని ఏళ్లలో కూడా కృష్ణా జిల్లా అవనిగడ్డలో కోచింగ్ ఆగదు. చిన్న ఊరే అయినా డీఎస్సీ అభ్యర్థులకు అదొక యాత్రాస్థలం. అద్దె గదులు, మెస్సులు, స్టడీ హాళ్లు, జిరాక్స్ నోట్సుల దుకాణాలు అన్నీ ఆ పరీక్ష చుట్టూ అల్లుకున్నాయి. హైదరాబాద్‌లో ఆ పాత్ర దిల్‌సుఖ్‌నగర్‌ది.

ఈ పరీక్షల్లో ఇంటర్వ్యూ ఉండదు, పాఠం చెప్పి చూపించడం ఉండదు. సిఫారసులకు తావు లేకుండా చేయడానికి అది మంచి కట్టుదిట్టమే, ఎవరూ కాదనలేరు. కాని పియాజే వికాస దశలను వరసగా గుర్తుపట్టగల అభ్యర్థి, ఏడుస్తున్న ఆరేళ్ల పిల్లను ఊరుకోబెట్టగలడో లేదో ఓఎంఆర్ పత్రానికీ, కంప్యూటర్ తెరకూ తెలిసే వీలు లేదు. రెండు మూడేళ్లు స్టడీ హాల్లో కూర్చుని ఉద్యోగం తెచ్చుకున్నవారు ఆ కాలంలో పిల్లల మొహం చూసి ఉండరు. సన్నద్ధత అన్న మాటకు మన దగ్గర కోచింగ్ అనే అర్థం స్థిరపడిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

నగరంలో పోస్టు ఎలా వస్తుంది

అమెరికాలో పెద్ద నగరాల పేద బడులకు కొత్తవాళ్లు దొరుకుతారు, అనుభవజ్ఞులు శివారు పట్టణాలకు వెళ్లిపోతారు. మన ప్రభుత్వ బడుల్లో ఇది తలకిందులు. బదిలీలకు బడులను ఇంటి అద్దె భత్యం ఆధారంగా కేటగిరీలు చేస్తారు. ఎక్కువ భత్యం వచ్చే నగర ప్రాంతం మొదటి కేటగిరీ. ఆంధ్రప్రదేశ్ పద్ధతిలో మొదటి కేటగిరీలో పనిచేస్తే ఏడాదికి 1 పాయింటు, రోడ్డు సరిగా లేని నాలుగో కేటగిరీలో 5 పాయింట్లు. సర్వీసు, భార్యాభర్తల ఉద్యోగం, ఆరోగ్య కారణాలు కలిపి పాయింట్లు పోగైనవాళ్లు వెబ్ ఆప్షన్లలో నగరాన్ని పట్టుకుంటారు. ఒకేచోట ఎనిమిదేళ్లు నిండితే కదలక తప్పదు. కొత్తగా డీఎస్సీ గెలిచినవాళ్లు మిగిలిన ఖాళీల్లోకి, అంటే తరచుగా మారుమూలలకు వెళతారు. ఇరవై ఏళ్లు మండలాల్లో తిరిగి, పిల్లల కాలేజీ చదువుల కోసమో ముసలి తల్లిదండ్రుల వైద్యం కోసమో నగరం చేరిన టీచరు అక్కడి బడిలో సాధారణంగా కనిపించే మనిషి. ఆ మనిషికి పాఠం చెప్పడం బాగా వచ్చు, నగరపు పిల్లలు కొత్త.

పూర్తిగా నగరమే అయిన హైదరాబాద్ జిల్లా దీనికి మినహాయింపు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా కేడర్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత తేల్చేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న లెక్క. కాబట్టి అక్కడ నగరంలో పెరిగిన యువతీయువకులు మొదటి పోస్టింగులోనే నగర బడిలో చేరగలరు. అదే జిల్లాలో ఉర్దూ మాధ్యమ పోస్టులు రోస్టర్ ప్రకారం కేటాయించిన వర్గాల అభ్యర్థులు దొరక్క ఖాళీగా మిగిలిపోతున్నాయన్న ఫిర్యాదు పాతది.

ప్రైవేటు బడి దారి వేరు. మార్చి నుంచి జూన్ దాకా వాకిన్ ఇంటర్వ్యూలు, డెమో క్లాసు. ప్రిన్సిపాలో కరస్పాండెంటో వెనక బెంచీలో కూర్చుంటే పావుగంట పాఠం చెప్పి చూపించాలి. ఇంగ్లీషు ఎంత ధారాళంగా వస్తుంది, చేతిరాత ఎలా ఉంది, క్లాసును అదుపులో పెట్టగలరా అన్నవే చూస్తారు. సర్కారు ఎంపికలో లేని బోధన పరీక్ష ఇక్కడ ఉంది. సర్కారు పట్టుబట్టే శిక్షణ పత్రాన్ని ఇక్కడ చూసీచూడనట్టు వదిలేస్తారు. బడ్జెట్ స్కూళ్లలో డిగ్రీ చదువుతున్న అమ్మాయిలు, ఇంటి దగ్గరే ఉద్యోగం కావాలనుకునే గృహిణులు, డీఎస్సీకి చదువుకుంటూ ఖర్చులకు పనిచేసేవాళ్లు ఎక్కువ. వీళ్లలో చాలామంది పని నేర్చుకునేది పక్క సెక్షన్ టీచరును చూసి. విద్యా సంవత్సరం మధ్యలో మానేయకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకునే యాజమాన్యాలూ ఉన్నాయి. కార్పొరేట్ శాఖల్లో వేసవిలో కొద్ది రోజుల ఓరియెంటేషన్ ఉంటుంది. అక్కడ పాఠ్యప్రణాళిక, వారం పరీక్షల టైంటేబులు, ఏ రోజు ఏ పేజీ చెప్పాలో అంతా పైనుంచే వస్తుంది. అలాంటి చోట రెండేళ్లు చేసినవాళ్లకు సిలబస్ వేళకు ముగించడం ఒంటబడుతుంది, పాఠాన్ని తామే అల్లుకునే అవకాశం మాత్రం తక్కువ.

ఇంటర్న్‌షిప్

పాత బీఈడీలో టీచింగ్ ప్రాక్టీస్ అంటే నలభై పాఠాలు, లెసన్ ప్లాన్ రికార్డు, చార్టులు, ఆఖరున ఎక్స్‌టర్నల్ ముందు ఒక పాఠం. రికార్డు అందంగా రాసిపెట్టే మనుషులు డబ్బుకు దొరికేవారు, ఇప్పటికీ దొరుకుతారు. 2014 నిబంధనలు దీన్ని 20 వారాల ఇంటర్న్‌షిప్‌గా మార్చాయి. మొదటి ఏడాది నాలుగు వారాల పరిచయం, రెండో ఏడాది పదహారు వారాలు బడిలోనే ఉండి పనిచేయడం. సరిగా జరిగితే మొత్తం కోర్సులో ఇంతకు మించిన భాగం లేదు.

నగరంలో శిక్షణ కాలేజీలు ఎక్కువ, ప్రాక్టీసుకు ఒప్పుకునే బడులు తక్కువ. పేరున్న ప్రైవేటు బడులు ఛాత్రోపాధ్యాయులను రానివ్వవు, పరీక్షల షెడ్యూలు చెడుతుందని వాటి భయం. దాంతో కాలేజీకి దగ్గర్లోని ఒకే సర్కారు బడికి మూడు కాలేజీల వాళ్లు వచ్చి చేరతారు. టీచరు సెలవులో ఉన్న క్లాసుకు వీళ్లను పంపించి ఊపిరి పీల్చుకునే బడులూ ఉన్నాయి. గైడుగా ఉండవలసిన పాఠశాల ఉపాధ్యాయుడికి ఆ పనికి శిక్షణ లేదు, భత్యం లేదు, పీరియడ్ల తగ్గింపూ లేదు. బస్తీ బడి ఎలా నడుస్తుందో చూసే ఒకే అవకాశం ఇది. తెలివైన అభ్యర్థులు ఈ పదహారు వారాల్లో సంతకాల గొడవ పక్కనపెట్టి ప్రధానోపాధ్యాయుడి గదిలో కాసేపు కూర్చుంటారు. అడ్మిషన్ రిజిస్టరు, టీసీల తగువులు, తల్లిదండ్రుల రాకపోకలు అక్కడే కనిపిస్తాయి.

తరగతి గదిలో ఎదురయ్యేవి

2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లాలో తెలుగు, ఉర్దూ మాతృభాషగా చెప్పినవారు దాదాపు సరిసమానం. తర్వాతి వలసలతో హిందీ, ఒడియా, బెంగాలీ, నేపాలీ గొంతులు కలిశాయి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. పటాన్‌చెరు, జీడిమెట్ల వంటి పారిశ్రామిక వాడల్లో ఇంట్లో భోజ్‌పురియో ఒడియానో మాట్లాడే పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే. మూడో తరగతిలో ‘కూడిక’ అంటే ఏమిటో ‘జోడ్’ అని చెప్పగల టీచరు ఆ పిల్లను నిలబెడతారు. వీధిలో వినపడే దక్కనీ హిందీ రావడం హైదరాబాద్ టీచరుకు ఏ అర్హత పత్రంలోనూ లేని అర్హత. విశాఖలో ఆ స్థానం ఒడియాది.

పిల్లలు నిలవకపోవడం రెండో సంగతి. భవన నిర్మాణ కూలీల పిల్లలు సైటు మారితే మాయమవుతారు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కుటుంబం కాంప్లెక్సు మారితే బడీ మారుతుంది. దసరాకు ఊరెళ్లినవాళ్లు సంక్రాంతి దాటాక వస్తారు. పాఠ్యప్రణాళిక జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగిసేలా అల్లారు, బస్తీ బడిలో నవంబరులో కొత్త మొహం రావడం మామూలు. ఏ వయసు పిల్ల అయినా ఆ వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలనీ, టీసీ లేదనీ వయసు పత్రం లేదనీ తిప్పి పంపకూడదనీ విద్యాహక్కు చట్టం 4, 5, 14 సెక్షన్లు చెబుతాయి. ఈ సెక్షన్లు టెట్‌లో బిట్లుగా వస్తాయి. ఆధార్ నమోదు కాని ఒడిశా పిల్ల గుమ్మంలో నిలబడితే ఆ బిట్లకు అసలు అర్థం తెలుస్తుంది.

నగరంలో మల్టీగ్రేడ్ ఉండదని చాలామంది అనుకుంటారు. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు నడిపే ప్రాథమిక బడులు హైదరాబాద్ నడిబొడ్డునే ఉన్నాయి. ఒకే భవనంలో రెండు మూడు బడులు సర్దుకున్న చోట్లున్నాయి, ఆటస్థలం లేని అద్దె ఇళ్లున్నాయి. శబ్దం, ఇరుకు, వానొస్తే గదిలోకి చేరే నీళ్లు లెసన్ ప్లాన్‌లో రాసుకునే అంశాలు కావు. ఆ ఇరుకులోనే గుంపులుగా కూర్చోబెట్టి పని ఇవ్వడం, ఒక తరగతికి చెబుతూ ఇంకో తరగతిని పనిలో ఉంచడం రావాలి. ఈ నేర్పు పల్లెల్లో ఏకోపాధ్యాయ బడి నడిపినవారికి ముందే ఉంటుంది. బదిలీ పద్ధతి వల్ల నగరానికి దక్కే మేలు అది.

తల్లిదండ్రుల సంగతి ఇంకోటి. ఊళ్లో టీచరు సాయంత్రం రచ్చబండ దగ్గర ఆగితే నలుగురు తండ్రులు కలుస్తారు. నగరంలో తల్లి నాలుగిళ్లలో పనిచేసి చీకటిపడ్డాక వస్తుంది, తండ్రిది ఆటోనో డెలివరీ బండో. మీటింగు శనివారం పదకొండు గంటలకు పెట్టి ఎవరూ రాలేదని నొచ్చుకోవడం కంటే రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ గ్రూపులో గొంతు సందేశం పెట్టడం మేలని చాలామంది టీచర్లు అనుభవం మీద తెలుసుకున్నారు. చదవడం రాని తల్లికి కూడా గొంతు చేరుతుంది.

చట్టపరమైన జాగ్రత్తలు కూడా నేర్చుకోవలసినవే. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పిల్లలపై లైంగిక నేరం జరిగినట్టు తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలి, తెలిసీ చెప్పకపోవడం 21వ సెక్షన్ కింద నేరం. బడి పరువు పోతుందని దాచే వీలు లేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దండనను, మానసిక వేధింపును నిషేధిస్తోంది, 28వ సెక్షన్ ట్యూషన్లు చెప్పకూడదంటోంది. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులు ఇవ్వరాదని 27వ సెక్షన్ చెబుతున్నా, పోలింగ్ కేంద్రాలు కిక్కిరిసిన నగరంలో ఓటరు జాబితాల పని ఏడాది పొడవునా టీచరు చేతిలో ఉంటుంది. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి కుల సర్వేకు ఎస్‌జీటీలను పంపినప్పుడు ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి.

ఇతర నగరాల ప్రయోగాలు

మన దేశంలో నగర పేదల పిల్లల చదువు మీద ఎక్కువగా గమనించిన ప్రయోగం ‘బాలసఖి’. ముంబై మురికివాడల్లో పుట్టిన ప్రథమ్ సంస్థ ముంబై, వడోదర బడుల్లో దీన్ని నడిపింది. అదే బస్తీలో పెరిగిన, పదో తరగతి దాకా చదివిన యువతికి రెండు వారాల శిక్షణ ఇచ్చి, మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పదిహేను ఇరవై మంది పిల్లలను రోజుకు రెండు గంటలు అప్పగించేవారు. 2001-03 మధ్య జరిగిన పరిశీలనలో ఈ పిల్లల మార్కులు పెరిగినట్టు, అట్టడుగున ఉన్నవారికి ఎక్కువ మేలు జరిగినట్టు తేలింది. పరిశీలించిన బృందంలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. రెండు వారాల శిక్షణ చాలని దీన్నిబట్టి అనుకోవడం తొందరపాటు. పిల్ల ఏ తరగతిలో ఉందో కాక ఏ స్థాయిలో ఉందో చూసి చెప్పడం, ఆ బస్తీ భాష తెలిసి ఉండడం ఫలితమిచ్చాయి. 2022లో తెలంగాణ మొదలుపెట్టిన ‘తొలిమెట్టు’లోనూ పిల్లల స్థాయిని పరీక్షించి చెప్పే పద్ధతి ఉంది.

2009లో ముంబై, పుణెల్లో మొదలై తర్వాత హైదరాబాద్‌కూ వచ్చిన టీచ్ ఫర్ ఇండియా మంచి డిగ్రీలున్న యువతను కొద్ది వారాల శిక్షణతో రెండేళ్లు పేద పిల్లల బడుల్లో పనిచేయిస్తుంది. వెండీ కోప్ 1989లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో రాసిన డిగ్రీ వ్యాసం నుంచి పుట్టి, 1990లో పని మొదలెట్టిన టీచ్ ఫర్ అమెరికా దీనికి నమూనా. ఉత్సాహం, కష్టపడే గుణం ఈ యువతలో మెండు. పని చేతికొచ్చే వేళకు రెండేళ్లు అయిపోతాయన్న విమర్శ రెండు దేశాల్లోనూ ఉంది.

నగర బడికి ప్రత్యేకంగా టీచర్లను తయారుచేయాలన్న ఆలోచన గట్టిగా రూపుదిద్దుకున్నది అమెరికాలోనే. 1960ల నాటికి మధ్యతరగతి తెల్లజాతి కుటుంబాలు శివార్లకు వెళ్లిపోయాయి, నగర బడుల్లో నల్లజాతి పేద పిల్లలు, టీచర్ల ఖాళీలు మిగిలాయి. 1965లో ఫెడరల్ ప్రభుత్వం టీచర్ కోర్ ప్రారంభించింది. మిల్వాకీలో పనిచేసిన మార్టిన్ హేబర్‌మన్ శిక్షణ కంటే ఎంపిక ముఖ్యమని వాదించాడు. పిల్లలు తప్పు చేసినప్పుడు ఏం చేస్తావు, అలసిపోతే ఏం చేస్తావు, నీ వల్ల తప్పు జరిగితే ఒప్పుకుంటావా వంటి ప్రశ్నలతో ఇంటర్వ్యూ పద్ధతి తయారుచేశాడు. జీవితంలో కొంత దెబ్బతిని, నలభైలకు దగ్గరపడ్డవాళ్లు బస్తీ బడిలో ఎక్కువకాలం నిలుస్తారని ఆయన గమనింపు. మన బదిలీ పాయింట్ల పద్ధతి ఆ మాట వినకుండానే అలాంటివాళ్లను నగరానికి చేరుస్తోంది, అయితే వాళ్లను ఎంచేది సర్వీసు లెక్క, స్వభావం కాదు. షికాగోలో 2001లో, బోస్టన్‌లో 2003లో మొదలైన రెసిడెన్సీలు వైద్య విద్యలో హౌస్ సర్జన్సీ తరహాలో నడుస్తాయి. అభ్యర్థి ఏడాదంతా ఒక అనుభవజ్ఞుడైన టీచరు గదిలో ఉంటూ పని నేర్చుకుంటాడు, స్టైపెండ్ తీసుకుంటాడు, తర్వాత కొన్నేళ్లు ఆ నగర బడుల్లోనే పనిచేస్తానని మాటిస్తాడు. మన పదహారు వారాల ఇంటర్న్‌షిప్‌కు డబ్బు, గైడుకు గుర్తింపు జతచేస్తే దీనికి దగ్గరవుతుంది.

తెలుగు మాధ్యమ నగర బడులు తెలుగు రాష్ట్రాల బయట కూడా ఉన్నాయి. ముంబై మహానగరపాలిక ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది, వాటిలో తెలుగు ఒకటి. నిజాం కాలం నుంచి భవన నిర్మాణానికి, మిల్లు పనులకు వెళ్లిన కుటుంబాల పిల్లల కోసం వచ్చిన బడులవి. కామాఠీపురకు ఆ పేరు వచ్చింది కూడా ఆ పనివాళ్ల వల్లే. అక్కడ టీచరు కావాలంటే మహారాష్ట్ర టెట్, ఆపై 2017లో వచ్చిన టైట్ పరీక్ష గెలవాలి.

ఉద్యోగంలో ఉన్నవారికి టెట్

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సన్నద్ధత ప్రశ్నను ఉద్యోగంలో ఉన్నవారి దాకా తెచ్చింది. టెట్ రాకముందే చేరిన టీచర్లు కూడా, పదవీ విరమణకు అయిదేళ్లకు మించి గడువుంటే, రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలి, లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. అయిదేళ్లలోపు ఉన్నవారు కొనసాగవచ్చు గాని టెట్ లేకుండా పదోన్నతి ఉండదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుందా అన్నదాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించారు. సీనియర్లు పోగయ్యే నగర బడుల మీద ఈ తీర్పు బరువు ఎక్కువగా పడింది. 1990లలోనో 2000ల్లోనో డీఎస్సీ రాసి, పదేళ్లలో రిటైరు కాబోయే స్కూల్ అసిస్టెంట్లు తమ దగ్గర చదువుకున్న పిల్లలతో కలిసి పరీక్షా కేంద్రాల్లో కూర్చోవలసి వస్తోంది. పాతవారికి మినహాయింపు ఇచ్చేలా చట్టం సవరించాలని ఉపాధ్యాయ సంఘాలు కేంద్రాన్ని అడుగుతున్నాయి.